పాత ఆయిలుతో పొయ్యి: పాటించకూడని ఎనిమిది సలహాలు

వీపనగండ్ల మండలంలో ట్రాక్టరు లేని ఊరు లేదు. వరికోతలు మొదలైతే హార్వెస్టర్లు పగలూ రాత్రీ పొలాల్లోనే ఉంటాయి. ఇంజను ఆయిలు మార్చిన ప్రతిసారీ లీటర్లకొద్దీ నల్లటి పాత ఆయిలు దిగుతుంది. అందులో కొంత తలుపులకు, దూలాలకు చెదలు పట్టకుండా పూస్తారు. కొంత సెంట్రింగు రేకులకు రాస్తారు. మిగిలింది మెకానిక్ షెడ్డు వెనకాల డ్రమ్ములో పడి ఉంటుంది. చలికాలం వచ్చి, కోళ్ల షెడ్డులో కొత్త పిల్లలు దిగినప్పుడు ఆ డ్రమ్ము మీదికి చూపు పోతుంది. దాన్ని మండిస్తే పిల్లలకు వేడి, మనకు ఖర్చు మిగులు అనిపిస్తుంది.

ఆ లెక్కలో నిజం లేకపోలేదు. కిలో ఎండు కట్టెలు కాలిస్తే 3,500 నుంచి 4,000 కిలోకేలరీల వేడి వస్తుంది. కిలో ఇంజను ఆయిలు కాలిస్తే దాదాపు 10,000 వస్తుంది. చలి ఎక్కువగా ఉండే దేశాల్లో గ్యారేజీలవాళ్లు పాత ఆయిలుతో మండే పొయ్యిలు ఎప్పటినుంచో వాడుతున్నారు. అయితే ఆయిలును వెలిగించడం ఎవరికైనా వస్తుంది. వెలిగాక ఎంత మండాలో, ఎప్పుడు ఆగాలో అదుపుచేసే ఏర్పాటు మాత్రం ఇంట్లో చేసిన డ్రమ్ము పొయ్యికి ఉండదు. ఊళ్లో వినిపించే సలహాలన్నీ వెలిగించడం గురించే. అదుపు సంగతి వాటిలో ఉండదు. అందుకే ఒక్కో సలహానూ తీసుకుని, అది ఎక్కడ తప్పుతుందో చెబుతున్నాను.

1. "ఏ ఆయిలైతేంది అన్నా, మండితే సాలు"

కొత్త ఇంజను ఆయిలుకు నిప్పంటుకోవాలంటే సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. అందుకే దాంతో భయం లేదనుకుంటారు. షెడ్డు డ్రమ్ములో ఉండేది ఇంజను ఆయిలు ఒక్కటే కాదు. సామాన్లు కడిగిన పెట్రోలు, డీజిలు, థిన్నరు, బ్రేకు ఆయిలు అన్నీ అందులోకే పోతాయి. కాస్త పెట్రోలు కలిసినా ఆ 200 డిగ్రీల లెక్క చెల్లదు, మామూలు ఎండ వేడికే మండే ఆవిరి లేస్తుంది. డ్రమ్ములో ఏముందో పోసినవాళ్లకే గుర్తుండదు.

వాడిన ఆయిల్లో జింకు, ఫాస్ఫరస్, గంధకం, బేరింగులు అరిగి కలిసిన రాగి, సీసం ఉంటాయి. మండినంత మాత్రాన లోహం మాయం కాదు. పొగలోకైనా పోతుంది, బూడిదలోకైనా చేరుతుంది. అన్నిటికన్నా ప్రమాదం పాత ట్రాన్స్‌ఫార్మర్ల ఆయిలు. కొన్నింటిలో పీసీబీలనే రసాయనాలు ఉండవచ్చు. అవి పూర్తిగా నాశనం కావాలంటే 1,100 డిగ్రీలకు పైగా నిలకడైన వేడి కావాలి. డ్రమ్ము పొయ్యిలాంటి తక్కువ వేడిలో కాలిస్తే డయాక్సిన్ల వంటి ఇంకా విషపు పదార్థాలు పుడతాయి. ట్రాన్స్‌ఫార్మరు ఆయిలును ఏ పొయ్యి దగ్గరికీ రానివ్వకండి.

2. "పాత డ్రమ్మో, గ్యాసు బండో కోపిచ్చుకో, పొయ్యి తయారు"

ఈ సలహా విన్నవాడికి పొయ్యి వెలిగించకముందే ప్రాణం మీదికి రావచ్చు. ఖాళీ డ్రమ్ము నిజంగా ఖాళీ కాదు. అడుగున అంటుకున్న ఆయిలు, మూలల్లో నిలిచిన ఆవిరి అలాగే ఉంటాయి. గ్యాసు కట్టరు మంట రేకుకు తగలగానే లోపలి ఆవిరి గాలితో కలిసి పేలుతుంది. నిండు డ్రమ్ము కన్నా ఖాళీ డ్రమ్మే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే పేలడానికి కావలసిన గాలి దానిలోనే ఉంటుంది. మూత ఊడి ఎగిరితే ఎదురుగా వంగి నిలబడ్డ వెల్డరు ముఖం మీదికే వస్తుంది. ఇంటి గ్యాసు బండ సంగతి చెప్పనక్కర్లేదు. అది మనం డిపాజిట్ కట్టి వాడుకునే ఆయిలు కంపెనీ ఆస్తి, కోయడానికి మనకు హక్కు లేదు.

పొగగొట్టానికి జింకు పూత పైపు తగిలించమనేవాళ్లూ ఉన్నారు. బాగా కాలితే ఆ జింకు పొగగా లేస్తుంది. పీల్చినవాళ్లకు కొన్ని గంటల్లో చలిజ్వరం, ఒళ్లునొప్పులు పట్టుకుంటాయి.

3. "నల్లా సన్నగ తిప్పి పెట్టు, చుక్కచుక్క పడుతూ తెల్లారేదాక అదే మండుతది"

చుక్కల పొయ్యి అసలు గుణం తెలియకుండా ఇచ్చే సలహా ఇది. ఆయిలు చల్లగా ఉంటే చిక్కగా, వేడెక్కితే పలచగా ఉంటుంది. సాయంత్రం మీరు తిప్పిపెట్టిన నల్లా అదే, దానిలోంచి పడే ఆయిలు మాత్రం గంట గంటకూ మారుతుంది. పొయ్యి వేడి పైనున్న డబ్బాకు తగులుతుంది. ఆయిలు పలచబడుతుంది. చుక్క ధార అవుతుంది. ధారతో మంట పెరుగుతుంది, పెరిగిన మంట డబ్బాను ఇంకా కాలుస్తుంది. మధ్యలో ఎవరూ ముట్టుకోకపోయినా అర్ధరాత్రికి పొయ్యి రేకు ఎర్రబడుతుంది.

దీనికి ఎదురు కూడా జరుగుతుంది. తెల్లవారుజాము చలికి ఆయిలు చిక్కబడి, లేదా మడ్డి అడ్డుపడి మంట ఆరిపోతుంది. కాసేపటికి అడ్డు తొలగి, కాలే గిన్నెలో ఆయిలు మళ్లీ పడుతుంది. మంట లేదు కాబట్టి తెల్లటి ఆవిరై పొయ్యంతా నిండుతుంది. అప్పుడు ఎవరో అగ్గిపుల్ల గీస్తే పొయ్యి మూత లేచిపోతుంది. కంపెనీలు చేసే పొయ్యిల్లో మంట ఆరగానే ఆయిలు దానంతటదే ఆగే ఏర్పాటు ఉంటుంది. ఇంట్లో చేసినదానిలో ఉండేది నల్లా ఒక్కటే, దాన్ని కట్టేయాల్సిన మనిషి ఆ వేళకు నిద్రలో ఉంటాడు.

4. "జర నీళ్లు కలిస్తే ఏం గాదు"

డ్రమ్ము వానలో తడుస్తుంది. నీళ్లు ఆయిలు కన్నా బరువు కాబట్టి అడుగుకు దిగుతాయి, పైకి కనబడవు. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. కాగే ఆయిలు గిన్నెలో చెంచాడు నీళ్లు పడినా ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న ఆయిలును చుట్టూ చిమ్ముతుంది. కింద ఎండిన వరిపొట్టు, పైన గోనె పరదాలు ఉన్న కోళ్ల షెడ్డులో ఆ చుక్కలు ఎక్కడ పడ్డా మంటే.

5. "పొగ కనిపిస్తలేదంటే గ్యాసు లేనట్టే"

కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ఊపిరితో లోపలికి వెళ్లాక రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు, ఆ తర్వాత స్పృహ తప్పడం. చలి లోపలికి రాకుండా పరదాలు గట్టిగా దించే రాత్రే ఇది ఎక్కువగా పేరుకుంటుంది. పిల్లలకు కాపలాగా షెడ్డులోనే పడుకునే మనిషి, తలనొప్పి మొదలైనా నిద్ర చాలలేదనుకుంటాడు.

మంట లోపలే ఉండి, పొగగొట్టం బయటికి లేని ఏ పొయ్యీ మూసిన షెడ్డుకు పనికిరాదు. ఆయిలైనా, బొగ్గైనా, కట్టెలైనా ఇదే నియమం.

6. "బ్లోయరు పెట్టు, అన్నీ సర్దుకుంటయ్"

గాలి ఎక్కువైతే మంట శుభ్రంగా కనిపించే మాట నిజమే. కరెంటు పోయిన క్షణం గాలి ఆగుతుంది, ఆయిలు మాత్రం పడుతూనే ఉంటుంది. షెడ్డంతా నల్లటి మసి, విషవాయువు. పైగా మంట తేటగా ఉందని లోహాలు పోయినట్టు కాదు. చుక్కల పొయ్యిలో లోహాలు చాలావరకు అడుగు మడ్డిలో మిగులుతాయి. ఆయిలును గాలితో చిమ్మి మండించే పొయ్యిలో అవి పొగవెంట బయటికి పోతాయి.

"అమెరికావాళ్లు కాలుస్తలేరా" అని అడుగుతారు. కాలుస్తున్నారు, షరతులతో. అక్కడి చట్టం ప్రకారం ఆ పొయ్యి సామర్థ్యం గంటకు 5 లక్షల బీటీయూల వేడిని మించకూడదు. సొంత గ్యారేజీలో దిగిన ఆయిలో, జనం తమ సొంత బండ్ల నుంచి తీసి తెచ్చిచ్చిన ఆయిలో మాత్రమే కాల్చాలి. పొగ తప్పనిసరిగా భవనం బయటికి పోవాలి. మన దగ్గర వినిపించే సలహాలో పొయ్యి ఒక్కటే వచ్చింది, షరతులు రాలేదు.

7. "మంటొస్తదేమోనని భయమైతే పక్కన బకెట్ నీళ్లు పెట్టుకో"

మండే ఆయిలు మీద నీళ్లు పోస్తే నాలుగో సలహాలో చెప్పిన పేలుడు మన చేత్తో మనమే చేసినట్టు. నీళ్లు అడుగుకు పోయి, ఆవిరై, మంటను పైకప్పు దాకా లేపుతాయి. ఆయిలు మంటకు కావలసింది ఊపిరాడకుండా చేయడం: పొడి ఇసుక, గట్టి ఇనుప మూత, నురగ లేదా పొడి చల్లే సిలిండరు. చిన్న మంట అయితేనే ఆర్పే ప్రయత్నం చేయండి. పరదా అంటుకుందంటే మనుషులను బయటికి తెచ్చి 101కి ఫోను చేయండి.

8. "బూడిద పెంటకుప్పల, మిగిలిన ఆయిలు మోరీల పొయ్"

బూడిదలో ఉన్నవి పైన చెప్పిన లోహాలే. పెంటకుప్పలో పోస్తే ఎరువుతోపాటు పొలానికి, పొలం నుంచి మేతకు చేరతాయి. మోరీలో పోసిన ఆయిలు వాన నీళ్లతో కుంటకు పోతుంది. ఒక కారు నుంచి ఒక్కసారి తీసిన ఆయిలు పది లక్షల గ్యాలన్ల మంచినీటిని, అంటే సుమారు 38 లక్షల లీటర్లను పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. బోర్ల మీద, కాలువ మీద బతికే మండలానికి ఇది చిన్న మాట కాదు.

మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వాడిన ఆయిలును ప్రమాదకర వ్యర్థాల కిందే చేర్చాయి. దాన్ని అనుమతి ఉన్న రీసైక్లింగు యూనిట్లకే ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి, ఆయిలు తయారుచేసి అమ్మే కంపెనీలపై వాడిన ఆయిలు తిరిగి శుద్ధి అయ్యేలా చూసే బాధ్యత కూడా పెట్టారు.

శుద్ధి చేస్తే లాభమెంతో చూడండి. ఒక గ్యాలను, అంటే దాదాపు 3.8 లీటర్ల పాత ఆయిలు నుంచి సుమారు 2.4 లీటర్ల కొత్త లూబ్రికెంటు తీయవచ్చు. అంతే లూబ్రికెంటు ముడి చమురు నుంచి రావాలంటే దాదాపు 159 లీటర్లు, అంటే ఒక పీపా కావాలి. కాల్చేస్తే మిగిలేది ఒక రాత్రి వేడి మాత్రమే.

మరి పిల్లలకు వేడి ఎలా?

కోడిపిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్, అంటే 95 ఫారెన్‌హీట్ వేడి కావాలి. తర్వాత వారానికి 5 ఫారెన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. ఈ వేడి షెడ్డంతటికీ అవసరం లేదు. రేకుతోనో అట్టతోనో గుండ్రంగా దడి కట్టి, కింద ఎండిన వరిపొట్టు పరిచి, ఆ దడి లోపల వేడి నిలిపితే చాలు. తెలిసిన రైతు థర్మామీటరు చూడకముందే పిల్లల్ని చూస్తాడు. బల్బు కింద ఒకదానిమీదొకటి ఎక్కి కిచకిచమంటుంటే చలి. దడి అంచులకు పోయి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. ఒకే పక్కకు ఒరిగితే అటునుంచి గాలి కొడుతున్నట్టు. దడి అంతా పరుచుకుని మేత ముడుతూ, నీళ్లు తాగుతుంటే సరిపోయినట్టు.

కొద్ది పిల్లలకు బల్బులు చాలు, పిల్లకు ఒకటి రెండు వాట్ల లెక్కన. అయితే వేడినిచ్చే పాతకాలపు బల్బులే కావాలి, ఎల్‌ఈడీ బల్బు వెలుతురే ఇస్తుంది. ఎక్కువ పిల్లలుంటే గ్యాసు బ్రూడరు మేలు, కానీ సిలిండరును దడికి దూరంగా పెట్టి, పరదా పైభాగాన గాలి ఆడనివ్వాలి. బొగ్గు కుంపటి తప్పకపోతే షెడ్డు బయటే రగిలించి, పొగంతా పోయి నిప్పులు ఎర్రబడ్డాకే లోపలికి తేవాలి. పరదా పైన జానెడు సందు వదలాలి, ఆ షెడ్డులో మనిషి పడుకోకూడదు. పెద్ద షెడ్డుకు పొయ్యే కావాలంటే దాన్ని బయట కట్టి, పొగగొట్టాన్ని షెడ్డు లోపలినుంచి తీసుకుపోయి అవతల పైకి వదలాలి. దానికి కంది కట్టె, పత్తి కట్టె సరిపోతాయి. వనపర్తి జిల్లాలో పల్లికి కొదవ లేదు కాబట్టి పల్లికాయ పొట్టు కూడా దొరుకుతుంది. కిలో పొట్టులో 4,000 కిలోకేలరీల దాకా వేడి ఉంటుంది, సీసం ఉండదు.

ఇలాగే పొయ్యిలో పోయాలనిపించే మిర్చి బండి, హోటళ్లలో వాడేసిన వంటనూనెకూ వేరే దారి ఉంది. పదేపదే కాగించడంతో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జూలై నుంచి నియమం పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో ఆ నూనెను సేకరించి బయోడీజిలు చేయించే పథకం తెచ్చింది.

ఈ వారమే మీ షెడ్డు వెనకున్న డ్రమ్ముకు వాన పడకుండా మూత పెట్టించండి. దాని మీద "ఇంజను ఆయిలు మాత్రమే" అని రాయించండి. పెట్రోలుకు, థిన్నరుకు వేరే డబ్బా పెట్టండి. పెబ్బేరు నుంచో కొల్లాపూర్ నుంచో పాత ఆయిలు కొనడానికి ఎవరైనా వస్తే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రం చూపమని అడగండి, చూపినవాడికే పోయండి. ఒక్కరి దగ్గర డ్రమ్ము నిండటం ఆలస్యమైతే నలుగురు మెకానిక్కులు కలిసి ఒకచోట పోగుచేసి ఇవ్వవచ్చు. ఆ ఆయిలుకు వచ్చే డబ్బు తక్కువే కావచ్చు, దాంతో పల్లి పొట్టు బస్తాలు కొన్ని కొనుక్కుని పిల్లలకు వేడి పెట్టండి.