మా రోజుల్లో బస్సుకు మేడ ఉండేది

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు కాసేపు నిలబడండి. నెత్తిన మెట్రో, కింద ఆటోలు, నడుమ ఇరుక్కుపోయిన సిటీ బస్సు. ఎల్బీనగర్ దాకా ఇదే వరస. 2018లో ఈ దారికి మెట్రో వచ్చింది, మంచిదే, కాదనను. కానీ అందులో కూర్చున్న కుర్రాళ్లు ఫోన్‌లోంచి తలెత్తి బయటికి చూడరేం?

మా రోజుల్లో బస్సెక్కడమే ఒక సంబరం. సెలవొస్తే పిల్లల్ని వెంటేసుకుని పనిగట్టుకుని సికింద్రాబాద్ వెళ్లేవాళ్లం, జూపార్కుకు పోయే 7జెడ్ డబుల్ డెక్కర్ కోసం. ఇరుకు మెట్లెక్కి, తల తగలకుండా వంగి, పైన ముందు సీటు పట్టుకోవాలి. చెట్ల కొమ్మలు కిటికీలకు రాసుకునేవి. కండక్టరు తాడు లాగితే డ్రైవరు దగ్గర గంట టింగుమనేది. ఒక్కసారి మోగితే ఆపు, రెండుసార్లయితే రైట్ రైట్! పిల్లలు ఆ తాడు మీదనుంచి కళ్లు తిప్పేవారు కాదు.

2000 తర్వాత కొన్నేళ్లకే అవి పోయాయి. ఫ్లైఓవర్లు అడ్డమన్నారు, నష్టాలన్నారు. సరే. మరి 2023 ఫిబ్రవరిలో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఒక్కోటి 2 కోట్ల పైచిలుకు పెట్టి 3 ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు ఎందుకు తెచ్చినట్టు? జనానికి ఆ మేడ మీద మోజు తీరలేదనేగా! పాతవాటిలో ఒక్కటైనా నడిచే స్థితిలో ఉంచుకుని, పండగపూట ఊళ్లో తిప్పితే ఎంత బాగుండేది!

దాచడం మనకు చేతకాక కాదు. నేటి ఆర్టీసీకి మూలమైన నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సును ఆర్టీసీ వాళ్లు తమ ప్రధాన కార్యాలయం బస్ భవన్‌లో భద్రంగా ఉంచారు. చూడనివాళ్లు వెళ్లి చూడండి. ఆ పని చేసినవారికి దండం పెట్టాలి.

ఇప్పుడు నా కోపం చట్టం మీద. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన సొంత కార్లకు, బైకులకే. బస్సుకు చోటు లేదు. పైగా 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ బళ్లకు రిజిస్ట్రేషనే ఉండదు. ఇక ముసలి బస్సు గతి తుక్కే. 2020లో కరోనా వేళ సీట్లు పీకి పార్శిళ్లు మోసిన కార్గో బస్సులదీ రేపు అదే దారి. ఆ కష్టకాలానికి సాక్ష్యం అవి!

ఆర్టీసీ పెద్దలకు నా విన్నపం ఒకటే. ఏ రకం బస్సునైనా వేలానికి పంపేముందు ఒక్కదాన్ని పక్కన పెట్టండి. డబుల్ డెక్కర్లు నడిపిన డ్రైవర్లు, విప్పి బిగించిన మెకానిక్కులు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లుండగానే పిలిచి, ఆ పని కుర్రాళ్లకు నేర్పించండి.