పేరు రాయని బ్యాటరీ లైటు

మీరు నన్ను టార్చి అంటారు. ప్రకాశం జిల్లాలో నా పెద్దాయన మాత్రం "బ్యాటరీ" అనేవాడు. స్టీలు గొట్టం, కడుపులో రెండు లావు సెల్లులు, మొహానికో గాజు బిళ్ళ. అంతే నేను. మా వంశానికి 1899లో న్యూయార్కులో డేవిడ్ మిసెల్ పేరు మీద పేటెంటు దొరికింది. ఆనాటి సెల్లులకి నిలకడగా వెలిగే సత్తా లేదు, తళుక్కుమని ఆరిపోయేవాళ్ళం. ఫ్లాష్‌లైట్ అన్న పేరు అలా వచ్చిందే. పుట్టుపూర్వోత్తరాలు ఇక చాలు.

నా మంచి రోజులు మిరపచేలో గడిచాయి. మోటార్లకి కరెంటు అర్ధరాత్రి వచ్చే కాలమది. పెద్దాయన గట్టు మీద నడుస్తుంటే ఆయనకంటే ఒక అడుగు ముందు నేనుండేదాన్ని. గడ్డిలో రక్తపింజరిని మొదట చూసింది నేనే. అప్పుడప్పుడు కూతురు వెంటపడేది. నన్ను దాని చేతికిచ్చి, "మొహమ్మీద కొట్టబాకమ్మా, కాళ్ళ ముందు కొట్టు" అనేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న చదువల్లా ఆ ఒక్క మాటే.

ఆ కూతురు పెళ్ళయి అమెరికా వెళ్తుంటే చీరల మడతల మధ్య నన్ను పెట్టి పంపాడు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో వంటగది సొరుగు నా అత్తారిల్లయింది. పాత తాళాలు, కెచప్ పొట్లాలు, కాలం చెల్లిన కూపన్లు నా ఇరుగుపొరుగు. కరెంటు పోతే ఫోన్లు వెలిగించుకునేవాళ్ళు. నన్ను వాడకపోతే పోయారు, కడుపులో సెల్లులైనా తీసి పెట్టాల్సింది. పదమూడేళ్ళు అలాగే వదిలేశారు. అవి కారిపోయి స్ప్రింగు చుట్టూ తెల్లటి పొక్కు కట్టింది. నాకది కడుపులో పుండు. చీకట్లో పనికొచ్చేదాన్ని చీకట్లో దాచిపెట్టడం ఏం న్యాయమో నాకు అర్థం కాలేదు.

సొరుగు తెరుచుకున్న రోజు ఇంట్లో ఒక జాబితా చదువుతున్నారు. పదకొండేళ్ళ మనవరాలు పెన్సిల్వేనియాలోని పొకొనో కొండల్లో రెండు వారాల సమ్మర్ క్యాంపుకి వెళ్తోందట. జాబితాలో నా పేరుంది! నాన్న వెనిగర్‌లో దూది ముంచి నా పుండు కడిగాడు. కొత్తది కొందామంటే పిల్ల ఒప్పుకోలేదు. "తాతయ్యది కదా" అంది.

వీడియో కాల్లో అమ్మమ్మ ఒకటే గొడవ. "సెలవులిచ్చేది పిల్ల ఇంట్లో ఉండడానికి కదే! ఎదురు డబ్బులిచ్చి అడవికి పంపుతారా?" ఈ దేశంలో ఇది పాత ముచ్చటే. 1861లో కనెక్టికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే మాస్టారు తన బళ్ళో మగపిల్లల్ని తీసుకెళ్ళి గుడారాల్లో ఉంచడంతో మొదలైందంటారు. ఆడపిల్లలకి ఆ భాగ్యం పట్టడానికి ఇంకో ముప్పై నలభై ఏళ్ళు పట్టింది. 1902లో న్యూహాంప్‌షైర్‌లో లారా మట్టూన్ పెట్టినది తొలివాటిలో ఒకటి.

అమ్మ క్యాంపు వాళ్ళకి ఫోన్ చేసి పెరుగు దొరుకుతుందా అని అడిగింది. గుడ్డు లేని కేకు ఉంటుందా అని అడిగింది. మిగిలినవి నాన్న అడిగాడు. 2025 జూలై 4 తెల్లవారుజామున టెక్సస్‌లో గ్వాడలూప్ నది పొంగి, ఒడ్డునున్న ఒక్క ఆడపిల్లల క్యాంపులోనే 27 మంది పిల్లలు, కౌన్సెలర్లు పోయిన వార్త అతని మనసులోంచి పోలేదు. క్యాబిన్లు వాగుకి ఎంత ఎత్తులో ఉన్నాయి? రాత్రి హెచ్చరిక వస్తే పిల్లల్ని లేపేదెవరు? పిల్లలతో పడుకునే కౌన్సెలర్ల పూర్వాపరాలు విచారించారా? నర్సు అక్కడే ఉంటుందా? అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ గుర్తింపు ఉందా? ఆ గుర్తింపు చట్టం తప్పనిసరి చేసింది కాదు, క్యాంపులు కోరి తెచ్చుకునేది. అందుకే అడిగి తెలుసుకోవాలి.

అమ్మ పన్నెండు జతల మేజోళ్ళకీ, తువ్వాళ్ళకీ, చివరికి సబ్బుపెట్టెకీ పేరు చీటీలు అంటించింది. నన్ను వదిలేసింది. ముసలిదాన్ని ఎవరెత్తుకుపోతారులే అనుకుందేమో.

కారులో ఇంకో పొరపాటు చేసింది. "నచ్చకపోతే చెప్పు బంగారం, ఆ క్షణమే వచ్చి తీసుకెళ్ళిపోతా." ధైర్యం చెప్పాననుకుంది. పిల్ల చెవికి మాత్రం "నువ్వు ఉండలేవు, నాకు తెలుసు" అని వినపడింది. ఇంటి బెంగ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన క్రిస్టఫర్ థర్బర్ అనే సైకాలజిస్టు, 2007లో పిల్లల డాక్టర్లకి రాసిన వ్యాసంలోనూ ఇలాంటి ఒప్పందాలు వద్దనే అన్నారు. బెంగ జబ్బు కాదు, దాదాపు అందరికీ వచ్చేదే. ముందు ఒకటి రెండు రాత్రులు తెలిసినవాళ్ళింట్లో పడుకోబెట్టి అలవాటు చేస్తే మేలు.

మొదటి రాత్రి దుప్పటి కింద నా వెలుగులో ఉత్తరం రాసింది. "అమ్మా, వచ్చెయ్యి." ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు మరి. ఆ ఉత్తరం ఎడిసన్ చేరి అమ్మని ఏడిపించే వేళకి, పిల్ల పడవలో తెడ్డు వేస్తూ కేకలు పెడుతోంది.

రెండో కష్టం జడ. రోజూ అమ్మే వేసేది. ఒత్తయిన, నడుము దాకా జుట్టు. ఈత నుంచి వచ్చాక చిక్కులు పడిపోయేది. దానికి తోడు ఆ కొండల్లో లైమ్ జబ్బు అంటించే పిడుదులున్నాయి. సాయంత్రం చెవుల వెనకా, మోకాలి మడతల్లో, జుట్టు మొదళ్ళలో వెతుక్కోవాలి. ఒక రోజు లోపే లాగేస్తే చాలామటుకు భయం ఉండదు. పిల్ల నన్ను పై మంచం కమ్మీకి ఆనించి, చేతి అద్దంలో చూసుకుంటూ పాయలు తీసింది. మూడుసార్లు విప్పింది. నాలుగోసారి వంకరగానైనా ఒక జడ కుదిరింది.

ఆరో రోజు అర్ధరాత్రి లేచి కూర్చుంది. పక్క మీద మరక. బడిలో చెప్పారు కాబట్టి అదేమిటో తెలుసు. ప్యాడ్లు ఎక్కడున్నాయో తెలీదు. అమ్మ వాటిని న్యూస్‌పేపర్లో చుట్టి సంచి అడుగున పెట్టింది, ఒంగోలు మందుల షాపులో కట్టిచ్చినట్టే. ఏ మాటా చెప్పలేదు. పిల్ల ఆ పొట్లాన్ని విప్పనే లేదు. కౌన్సెలర్‌ని లేపింది. ఆ అమ్మాయి ఒంటరిగా పిల్లని బయటికి తీసుకెళ్ళలేదు. పక్క మంచం పిల్లని కూడా లేపింది. పెద్దవాళ్ళెవరూ ఒక్క పిల్లతో ఒంటరిగా ఉండకూడదని అక్కడి నియమం. ముగ్గురూ బాత్‌రూముల దారి పట్టారు. రాళ్ళ మధ్య నేను ముందు.

"మొహమ్మీద వెయ్యకు, కాళ్ళ ముందు వెయ్యి" అంది పిల్ల, పక్కనున్న పిల్ల చేతికి నన్నిస్తూ, వచ్చీరాని ఇంగ్లీషులో కాదు, పుట్టి పెరిగిన ఇంగ్లీషులోనే. పెద్దాయన మాట అమ్మ ఎప్పుడు అందించిందో! నా గుండె లాంటి బల్బు ఒక్కసారి జివ్వుమంది.

రెండు వారాలయ్యాక కార్లొచ్చాయి. భోజనాల హాలు గుమ్మం దగ్గర, పోయిన సామాన్ల పెట్టెలో ఉన్నాను. సర్దుకునే హడావిడిలో మంచం కింద ఉండిపోతే ఎవరో తెచ్చి పడేశారు. కిటికీలోంచి అంతా కనిపిస్తోంది. అమ్మ పిల్లని కావలించుకుని, "ఏడ్చావా? తిన్నావా? ఎవరైనా ఏమన్నా అన్నారా?" అని వరసపెట్టింది. సరిగ్గా మొహమ్మీదే కొట్టింది లైటు. పిల్ల కళ్ళు దించుకుంది. అంతలో అమ్మ చెయ్యి జడ మీద పడింది.

"ఎవరు వేశారే?"

"నేనే."

అమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ వంకర జడని అలా పట్టుకునే కారుదాకా నడిచింది. మిగిలిన కథ పిల్ల తనే, తోచినప్పుడు చెబుతుంది.

మేజోళ్ళన్నీ ఇల్లు చేరాయి, పేర్లున్నాయిగా. నా పక్కన ఒంటి చెప్పు ఒకటి, తడి ఈత టోపీ ఒకటి ఉన్నాయి. ఎవరూ అడగకపోతే మమ్మల్ని ఎవరికో ఇచ్చేస్తారట. ఇస్తే ఇచ్చారు. ముందు ఈ సెల్లులు తీసెయ్యమనండి.