మంచి మనసుతో ఇచ్చే చెడ్డ సలహాలు

రాజమహేంద్రవరం మహిళా జైలు నుంచి విడుదలైన ఒకామెను ఆ రోజు నేరుగా మా ఇంటికే తీసుకొచ్చాను. మొహం కడుక్కో అమ్మా అని పెరట్లో బాత్రూం చూపించి వంటింట్లోకి వెళ్లాను. పది నిమిషాల తర్వాత వచ్చి చూస్తే తలుపు ముందే నిలబడి ఉంది. గడియ కూడా లేదు, తలుపు దగ్గరగా వేసి ఉంది, అంతే. “తీయమంటారా మేడమ్ గారూ?” అని అడిగింది. ఆరేళ్లుగా ఇంకొకరు తీస్తేనే లోపలికి, ఇంకొకరు తీస్తేనే బయటికి.

సాయంత్రానికల్లా సలహాలు మొదలయ్యాయి. పక్కింటి పిన్నిగారు, మా ఆడపడుచు, ఆమె సొంత అన్న, ఆఖరికి నేను. న్యాయసేవా సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా తిరుగుతున్నా నాకూ అప్పటికి తెలిసింది తక్కువే. సలహా ఇచ్చినవాళ్లలో చెడ్డవాళ్లు ఒక్కరూ లేరు. ఆ సలహాలే ఆమెను ముంచబోయాయి. మీ వీధికీ ఇలాంటి ఆడమనిషి ఒకరు తిరిగి రావచ్చు. అందుకని రాస్తున్నాను.

“జరిగిందేదో జరిగింది, మర్చిపో.” అందరూ మొదట అనేది ఇదే. పిన్నిగారు ఇంకో అడుగు ముందుకేసి, ఆమె గుడ్డసంచిలోని కాగితాలు చూసి, “ఇవి కనిపించినప్పుడల్లా ఏడుపే కదా, పొయ్యిలో పెట్టెయ్” అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఆ కాగితాల్లో బెయిలు ఉత్తర్వు ఉంది, కేసు నంబరు ఉంది, విడుదల పత్రం ఉంది. ఆమె అప్పీలు హైకోర్టులో ఉండగా బెయిలు మీద వచ్చింది. నెలనెలా స్టేషన్‌లో సంతకం పెట్టాలి. ఆమె మర్చిపోయినా కేసు ఆమెను మర్చిపోదు. విచారణలో ఉన్నవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. మన దేశపు జైళ్లలో ఉన్నవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది విచారణ ఖైదీలే. వాళ్లు బెయిలు మీద బయటికొచ్చాక ఒక్క వాయిదా తప్పితే వారెంటు పడొచ్చు, జామీను ఇచ్చినవాళ్లకీ చిక్కే. శిక్ష పడి క్షమాభిక్షతో వచ్చినవాళ్లకూ అంతే. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 53 మంది మహిళా జీవిత ఖైదీలను విడుదల చేసినప్పుడూ షరతులతోనే వదిలింది. కాబట్టి మర్చిపోమనకండి. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టించండి, రెండేసి జిరాక్సులు తీయించండి, వెళ్లాల్సిన తేదీలు గోడ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో చుట్టండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసేవా సంస్థ నంబరు 15100కి ఫోన్ చేయించండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఏ ఆడమనిషికైనా ఉచితంగా వకీలు దొరుకుతారు.

“ముందు ఇంటికి పంపించెయ్యండి.” ఏ ఇంటికి? మగవాడు జైలుకెళ్తే పెళ్లామో తల్లో టిఫిన్ క్యారేజీ పట్టుకుని ములాఖత్‌కి వస్తారు. ఆడదాని ములాఖత్‌కి ఎవరొస్తారో జైలు గేటు దగ్గర ఒక్క పూట నిలబడితే తెలుస్తుంది. మొగుడు ఇంకొకరిని తెచ్చుకుని ఉంటాడు. పుట్టింట్లో వదినగారికి ఎదిగిన కూతుళ్లుంటారు, సంబంధాలు చూస్తుంటారు. ఎక్కడికి వెళ్లాలనుందో ముందు ఆమెనే అడగండి. ఎక్కడికీ లేదంటే జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో శక్తి సదన్ గురించి అడగండి. ఏ ఆసరా లేకుండా జైలు నుంచి వచ్చిన ఆడవాళ్లకి చోటివ్వాలని పాత స్వధార్ గృహాల నిబంధనల్లోనే ఉంది. ఆ గృహాలే ఇప్పుడు శక్తి సదన్‌లయ్యాయి.

ఇక నేనిచ్చిన సలహా. జైల్లో కుట్టు నేర్చుకుంది కదా, మిషను పెట్టుకో అన్నాను. చందాలు పోగుచేసి కొనిచ్చాం కూడా. మిషను వచ్చిన రోజు పసుపు కుంకుమ పెట్టి మొక్కింది. మొదటి నెలలో వచ్చిన గిరాకీ నా చీరకు పీకో, మా అమ్మాయి లంగాకి అంచు. అంతే. పనితనం లేకనా అంటే, ఆమె పెట్టే కుట్టు చూస్తే కళ్లకద్దుకుంటారు. సంగతేమిటంటే జాకెట్టు కుట్టించుకోవాలంటే ఆది జాకెట్టు ఇవ్వాలి. మన ఒంటి కొలత తీసుకెళ్లి ఒకరి చేతిలో పెట్టాలి, వాళ్ల గుమ్మం ఎక్కాలి, కాసేపు కూర్చోవాలి. “హత్య కేసంట” అన్న మాట వీధిలో తిరుగుతుంటే ఆ గుమ్మం ఎవరెక్కుతారు? ఊరి నమ్మకం మీద నడిచే పనిని, ఆ నమ్మకం పోగొట్టుకున్న మనిషి చేతిలో పెట్టాను. నెలనెలా జీతం వచ్చే పని చూపించాల్సింది. తెలంగాణ జైళ్ల శాఖ చంచల్‌గూడ దగ్గర పెట్రోలు బంకులో విడుదలైన ఆడవాళ్లకు ఉద్యోగాలిచ్చింది. బండి ఆపినవాడికి పెట్రోలు కావాలి, పోసేవాళ్ల కథ అక్కర్లేదు. సరైన ఆలోచన అది. జైలు నుంచి వచ్చినవాళ్లకి మొదటి సంవత్సరం అలాంటి జీతం కావాలి. మిషను ఆ తర్వాతి మాట.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆమె తల్లి చెప్పిన సలహా. అరెస్టయ్యేనాటికి కొడుక్కి మూడేళ్లు. ఆరేళ్ల లోపు పిల్లలు తల్లితో పాటు జైల్లో ఉండొచ్చు, కానీ వాణ్ని అమ్మమ్మ తన దగ్గరే ఉంచుకుంది. “మీ అమ్మ కువైట్ వెళ్లిందిరా” అని పెంచింది. గోదావరి జిల్లాల్లో, కడపలో ఇది ఇట్టే అతికే అబద్ధం. ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరి అమ్మ కువైట్లోనే ఉంటుంది. ఇప్పుడూ అదే మాట మీద ఉండమంది. కొడుకుని చూడ్డానికి వెళ్తూ ఆమె జైలు కూలి డబ్బుల్లోంచి దారిలో ఒక బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కెళ్లింది. తొమ్మిదేళ్లవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇది మన కిరాణా కొట్లో కూడా ఉంటుంది కదా” అన్నాడు. ఆమె నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను.

పదిహేను రోజుల్లో బడిలో ఎవరో చెప్పనే చెప్పారు. వాడు మూడు రోజులు అన్నం తినలేదు, అమ్మ జైలుకెళ్లినందుకు కాదు, ఇంట్లో అందరూ అబద్ధమాడినందుకు. జైల్లో పుట్టిన బిడ్డ జనన పత్రంలో జైలు అని రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా మాత్రమే రాయాలి అని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసు అది, ఎదుటి పార్టీ మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. బిడ్డ కాగితం మీద మచ్చ పడకూడదని ఆ తీర్పు. తల్లి బతుకునే మాయం చెయ్యమని కాదు. పిల్లాడికి నిజం చెప్పాలి, తల్లే చెప్పాలి, వాడికి అర్థమయ్యేంతే చెప్పాలి. చివరికి ఆమె చెప్పింది మూడు ముక్కలు: నేను జైల్లో ఉన్నాను, రోజూ నువ్వు గుర్తొచ్చావు, ఇప్పుడు వచ్చేశాను. వాడు ఇంకేమీ అడగలేదు. ఆ రాత్రి ఆమె పక్కనే పడుకున్నాడు. బ్యారక్‌లో రాత్రంతా లైటు వెలుగుతుంది కాబట్టి ఆమెకు చీకట్లో నిద్రపట్టదు. వాడే లేచి లైటు వేశాడట.

“వాటా ఊసెత్తకు, ఇప్పటికే పరువు తీశావు” అని అన్నగారు. జైలుకెళ్లినంత మాత్రాన ఆడపిల్ల హక్కు పోదు. ఎవరిని చంపినట్టు రుజువైందో వాళ్ల ఆస్తికి, ఏ ఆస్తి దక్కాలని చంపారో ఆ ఆస్తికి మాత్రమే వారసత్వం పోతుంది. నాన్నగారి ఇంటికీ ఆ కేసుకీ సంబంధం లేదు. గొడవపడమని నేననను. వదులుకుంటున్నట్టు ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా చూడండి, చాలు.

“పేరు మార్చుకుని ఏ హైదరాబాదో పోయి బతుకు” అనేవాళ్లకి ఒకటే మాట. బెయిలు మీద ఉన్న మనిషి చిరునామా చెప్పకుండా మాయమైతే పారిపోయినట్టే లెక్క. పైగా పాత పేరుతోనే ఆధార్, రేషన్ కార్డు, ఓటు. జైల్లో ఉన్నన్నాళ్లే ఓటు లేదు, బయటికొస్తే ఉంది. రెండేళ్లు లావాదేవీ లేని బ్యాంకు ఖాతా మూగబోతుంది, కేవైసీ ఇచ్చి లేపించాలి. ఆడవాళ్లకు బస్సు ఉచితమే, కానీ గుర్తింపు కార్డు చూపించాలి. మొదటి వారం ఆమె స్టేషన్‌కి సంతకానికి వెళ్తూ టిక్కెట్టు కొనుక్కుంది, ఆధార్ అత్తారింట్లో ఉండిపోయింది కాబట్టి. ఓదార్పు మాటలు పక్కనపెట్టి ఆ కార్డు తెప్పించండి ముందు.

ఇప్పుడామె ఒక హాస్టల్ వంటగదిలో పనిచేస్తోంది. జీతం తక్కువే, కానీ ఒకటో తారీఖున వస్తోంది. సాయంత్రాలు మిషను ముందు కూర్చుంటుంది. ఈమధ్యే పిన్నిగారు రెండు ఆది జాకెట్లు పట్టుకుని ఆ గుమ్మం ఎక్కారు. మీ ఊళ్లోనూ ఇలా మిషను ముందు ఖాళీగా కూర్చున్నామె ఉంటే, ఈ పండక్కి జాకెట్టు గుడ్డతో పాటు మీ ఆది కూడా ఆమె ఇంటికే పట్టుకెళ్లండి.