కప్పుకు సెక్షన్!

నైరుతి కేరళ తీరం తాకిందో లేదో, హైదరాబాద్ పాతబస్తీలోని హుస్సేనీ ఆలం గల్లీల్లో పాత ఇళ్ల గోడలకు బల్దియా నోటీసులు మొలుస్తాయి. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం, 456వ సెక్షన్. సారాంశం: కూలేలా ఉంది, బాగుచేయండి, లేదా కూల్చండి.

నోటీసు చూసి ఓనరుకు లోలోపల సంబరం. తాతల కాలపు కిరాయికి పాతుకుపోయినవాణ్ని కోర్టు కదపలేకపోయినా దూలం కదిలిస్తుందని ఆశ. కిరాయిదారు లెక్క వేరు: కప్పు వేయించడం ఓనరు బాధ్యత, కారేచోట బకెట్ పెట్టడం తన బాధ్యత. ఎవరి డ్యూటీ వారు నిష్ఠగా చేస్తున్నారు, ఓనరు తప్ప!

పోనీ, ఇద్దరూ రాజీపడి మేస్త్రీని పిలిచారే అనుకోండి. టేకు దూలాల మీది డంగు సున్నం కప్పును కిందనుంచే చూసి, ‘‘పైన సిమెంటు కొట్టేద్దాం సాబ్, మళ్లీ చూడక్కర్లేదు’’ అంటాడు. నిజమే, మళ్లీ చూడ్డానికి కప్పు ఉంటే కదా! సున్నం తేమను బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధించి దూలాన్ని నానబెడుతుంది. పైగా బరువు అదనం. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టం. దొరికితే, ఎస్టిమేటు చూసి కప్పుకన్నా ముందు ఓనరే కూలతాడు.

కూతవేటు దూరంలోని చార్మినార్‌దీ ఇదే కష్టం. 2019 మేలో ఓ మినార్ నుంచి సున్నపు పెళ్ల ఊడిపడింది. పురావస్తు శాఖ పరుగున వచ్చింది. 1591 నాటి కట్టడం మరి! గల్లీలో ఇంటికి శాఖ లేదు. సెక్షన్ మాత్రం ఉంది.