మింగకపోయినా మందు మందే

“సిరప్పు పడితే కక్కేస్తా ఉండాడా? అయితే వెనక మాత్ర పెట్టు తల్లీ. అది కడుపులోకి పోదు, ఎన్ని పెట్టినా ఏం కాదు.” మన తీరంలో మైపాడు నుంచి తూపిలిపాళెం దాకా ఏ పాళెంలోనైనా, జ్వరమొచ్చిన బిడ్డ తల్లికి ఈ సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. మొదటి సగం మంచిదే. వాంతులు ఆగని బిడ్డకు, మింగలేని ముసలివాళ్లకు, ఆపరేషనై నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడని మనిషికి ఈ వెనక మాత్ర, అంటే సపోజిటరీ, మేలు చేస్తుంది. ప్రమాదమంతా రెండో సగంలో ఉంది.

మలద్వారం లోపలి పొర కింద రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. మాత్ర ఒంటి వేడికి కరిగి, అందులోని పారాసిటమాల్ ఆ నాళాల్లోంచి రక్తంలో కలుస్తుంది. అక్కణ్నుంచి సిరప్పుకీ దీనికీ తేడా లేదు. రెంటినీ విరిచి బయటికి పంపాల్సింది ఒకే కాలేయం. అందుకే సిరప్పూ సపోజిటరీ కలిపి లెక్కపెట్టాలి. పది కిలోల బిడ్డను తీసుకోండి. పారాసిటమాల్ ఒక మోతాదు కిలోకు 15 మిల్లీగ్రాములు అనుకుంటే 150 సరిపోతుంది. మందుల షాపుల్లో పిల్లల సపోజిటరీలు 80, 170, 250 మిల్లీగ్రాముల్లో దొరుకుతాయి కాబట్టి ఈ బిడ్డకు డాక్టరు 170ది రాస్తారు. అది పెట్టి, “త్వరగా తగ్గుతుందిలే” అని 250 మిల్లీగ్రాముల సిరప్పు ఒక చెంచా పోస్తే ఒక్క దెబ్బకు 420 అవుతుంది. నాలుగు గంటలకోసారి ఇలాగే చేస్తే రోజు తిరిగేసరికి రెండున్నర గ్రాములు. ఆ బరువు బిడ్డకు రోజు మొత్తానికి 600 మిల్లీగ్రాములు దాటకూడదని డాక్టర్లు చెబుతారు. ప్రేమతోనే పెడతారు, నాకు తెలుసు. కాలేయానికి ఆ ప్రేమ తెలియదు.

ఈ పొరపాటుకు ఇంకో సలహా తోడవుతుంది: “అరగంటైనా ఒళ్లు కాలిపోతానే ఉంది, ఇంకోటి పెట్టు.” వెనక నుంచి ఎక్కే పారాసిటమాల్ నిదానంగా, ఒక్కొక్కరిలో ఒక్కోలా ఎక్కుతుంది. పూర్తి పట్టు రావడానికి రెండు మూడు గంటలు పట్టొచ్చు. ఆ లోపల పెట్టిన రెండో మాత్ర, మొదటిదాని మీద పడుతుంది. డాక్టరు వేరేలా చెబితే తప్ప ఆరు గంటల ఎడం ఉంచండి. 24 గంటల్లో నాలుగుకు మించొద్దు; రోజు హద్దు దాటేలా ఉంటే (పది కిలోల బిడ్డకు 170వి నాలుగు పెడితే 680) మూడుతోనే ఆపండి. పెట్టిన టైము గోడ క్యాలెండరు మీద రాయండి. రాత్రి అమ్మ పెట్టింది తెల్లారి నాన్నకు తెలియక మళ్లీ పెట్టకుండా ఉంటుంది.

పెద్దవాళ్ల మాత్రను సగానికి కోసి పిల్లలకు పెట్టమనేవాళ్లూ ఉన్నారు. మాత్రలో మందు అంతటా సమానంగా పరుచుకుని ఉంటుందన్న నమ్మకం లేదు. పిల్లల మాత్ర విడిగా దొరుకుతుంటే కత్తితో పనేంటి?

నొప్పుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. సిజేరియన్ అయిన అమ్మాయికి ఆసుపత్రిలో పెట్టిన డైక్లోఫెనాక్ సపోజిటరీ పేరు ఇంట్లో గుర్తుండిపోతుంది. ఆర్నెల్ల తర్వాత వల లాగి నడుం పట్టేసిన మొగుడికీ, రొయ్యల గుంటలో దిగి వచ్చిన మామకూ అదే తెప్పిస్తారు. “మింగే మాత్రయితే కడుపులో పుండు చేస్తుంది, ఇది చెయ్యదు” అంటారు. ఇది ఒట్టి అబద్ధం. డైక్లోఫెనాక్ కడుపు పొరకు కాపుగా ఉండే పదార్థాలను రక్తంలోంచే తగ్గిస్తుంది, ఏ దారిన పెట్టినా సరే. కిడ్నీల మీద దెబ్బ కూడా అంతే. మే నెల ఎండలో చెమటలు కారి ఒంట్లో నీళ్లు తగ్గిన మనిషికి అది రెట్టింపు. పెద్దవాళ్లకు రోజుకు 150 మిల్లీగ్రాములు హద్దు. 100 మాత్ర పెట్టుకుని, సాయంత్రం ఆర్‌ఎంపీ దగ్గర 75 సూది వేయించుకుంటే హద్దు దాటేసినట్టే. గర్భిణులకు, ముఖ్యంగా అయిదు నెలలు నిండాక, డాక్టరు చెప్పకుండా అది పెట్టొద్దు.

వానలు పడ్డాక వచ్చే జ్వరానికైతే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ మూడింటి జోలికీ పోవద్దు. డెంగీ అయితే అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లకు పారాసిటమాల్ అయినా సరే వెనక నుంచి పెట్టకూడదు, లోపలి పొర గీరుకుని నెత్తురు కారుతుంది. నీళ్ల విరేచనాలప్పుడు పెట్టినా వృథా, మందు నిలవదు.

పెట్టే పద్ధతి చెబుతాను, సిగ్గుపడాల్సిందేమీ లేదు. చేతులు సబ్బుతో కడుక్కోండి. రేపరు పూర్తిగా తీసెయ్యండి. రేపరుతోనే పెట్టేవాళ్లున్నారు, దానివల్ల లోపల కోసుకుపోతుంది. బిడ్డను ఎడమ పక్కకు పడుకోబెట్టి పైకాలు మడవండి. మాత్రను నీళ్లతో తడిపితే చాలు, ఆముదం, వ్యాజిలైన్ పూయనక్కర్లేదు. కండరం దాటేదాకా మెల్లగా నెట్టి, పిరుదులు కాసేపు దగ్గరగా పట్టుకోండి. మొన ముందా, మొద్దువైపు ముందా అని 1991లో ఈజిప్టు డాక్టర్లు లాన్సెట్ పత్రికలో రాసి, మొద్దువైపు ముందు పెడితేనే బాగా నిలుస్తుందన్నారు. తర్వాత దాని మీద వాదనలు నడిచాయి. పెట్టె మీద ఎలా రాసుంటే అలా చెయ్యండి.

మన ఎండలకు ఇంకో ఇబ్బంది. ఈ మాత్రల కొవ్వు 35 డిగ్రీల దగ్గర కరిగిపోయేలా చేస్తారు, లేకపోతే ఒంట్లో కరగదు. నెల్లూరు ఎండ 40 దాటినప్పుడు రేకుల ఇంట్లో అలమారలో పెట్టినా అది కరుగుతుంది. చేపల ఐసు పెట్టెలో పడెయ్యొద్దు, మురికి అంటుకుంటుంది. ఫ్రిజ్ కింది అరలో ఉంచండి, గడ్డకట్టే అరలో వద్దు. మెత్తబడితే రేపరుతోనే చల్లని నీళ్లలో కాసేపు ఉంచి, గట్టిపడ్డాక రేపరు తీసి పెట్టొచ్చు. కరిగి ఆకారం పోయి మళ్లీ గట్టిపడినదాన్ని మాత్రం పారెయ్యండి.

విరేచనం కాని పసిబిడ్డకు సబ్బు ముక్క చెక్కి పెట్టడం, తమలపాకు కాడకు ఆముదం రాసి పెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. సబ్బు క్షారం లేత పొరను కాలుస్తుంది. కాడ కుచ్చుకుంటుంది. రెండూ మానండి.

ఫిట్స్ వస్తున్న బిడ్డకు జ్వరం మాత్ర పెడితే ఫిట్స్ ఆగవు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరమొస్తే ఇంట్లో ఏ మాత్రా పెట్టకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

జ్వరం దిగింది కాబట్టి జబ్బు తగ్గిందనుకోవడమే ఈ సలహాలన్నిటికీ మూలం. మాత్రతోనే వైద్యం అయిపోదని ఆఫ్రికా చూసింది. అక్కడ తీవ్రమైన మలేరియా వచ్చిన పిల్లలకు పల్లెల్లోనే ఆర్టిసునేట్ సపోజిటరీ పెట్టి, వెంటనే ఆసుపత్రికి పంపాలన్నది పద్ధతి. కొన్ని దేశాల్లో మాత్ర అందింది, తర్వాతి వైద్యం అందలేదు, ప్రాణాలు నిలవలేదు. 2022 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని విస్తరణ ఆపమని చెప్పాల్సొచ్చింది. అంత మంచి మందుకే ఆ గతి పట్టింది. మన పారాసిటమాల్ జబ్బును ముట్టుకోనైనా ముట్టుకోదు. మూడో రోజుకూ జ్వరం ఉన్నా, బిడ్డ మగతగా పడున్నా, ఉచ్చ పోయకపోయినా ఇక ఇంట్లో ఉండొద్దు.

పారాసిటమాల్ ఎక్కువ పడిందన్న అనుమానం వస్తే బిడ్డ హుషారుగా ఉన్నాడని ఆగకండి. మొదటి రోజు వాంతులు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు, కాలేయం దెబ్బ రెండు మూడు రోజులకు గానీ బయటపడదు. దీనికి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది. ఎనిమిది గంటల లోపల మొదలుపెడితే అది బాగా పనిచేస్తుంది. వాడిన రేపర్లు, సిరప్పు సీసా, టైములు రాసిన క్యాలెండరు కాగితం పట్టుకుని వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.