కుక్కా పెంచకండి, పిల్లీ పెంచకండి, రెండు వైపులా తినండి

హైదరాబాద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్‌కి కొలువూ దక్కింది, వీధిలో కొట్టూ దక్కింది. ఆ కొట్టు పేరే పేటకి ఆబిడ్స్‌గా నిలిచింది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం ఈ పేటలో పాత విద్య. మీరూ నేర్చుకోండి. ఆబిడ్స్, నాంపల్లి సందుల్లో రెండు రకాల మనుషులున్నారు: కుక్కలవాళ్ళు, పిల్లులవాళ్ళు. ఒక్కరి పక్షానే ఉంటే ఒక్క పూటే టీ.

1. ముందు మనిషిని పోల్చుకోండి. కుక్కలవాళ్ళు తెల్లారకముందే గొలుసు పట్టుకుని వీధిలో ఉంటారు. ఇంట్లో తెలుగు, బజార్లో హైదరాబాదీ మాట్లాడేవాళ్ళు కుక్కతో మాత్రం ఇంగ్లీషే: "సిట్", "కమ్", "నో". దాని పేరు టామీయో జిమ్మీయో అయి ఉంటుంది. చెప్పిన మాట వింటుందని వాళ్ళ గర్వం. పిల్లులవాళ్ళ గర్వం సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. "పిలిస్తే రాదండీ, దానిష్టం" అంటూ చేతిమీద గీతలు చూపించి మురిసిపోతారు. కాబట్టి కుక్కని చూసి "ఎంత తెలివండీ!" అనండి. పిల్లిని చూసి "ఎంత పొగరండీ!" అనండి. ఈ రెండు మాటలకీ ఇరానీ చాయ్, ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు గ్యారంటీ. తారుమారు చేశారో, నీళ్ళు కూడా ఇవ్వరు.

2. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికి కుక్కల మీద ఒకటి, పిల్లుల మీద ఒకటి కొనండి. చదవకండి. వచ్చేవాళ్ళని బట్టి బల్ల మీద ఒకటి పెట్టి, రెండోది పరుపు కిందికి తోసేయండి.

3. పండగలకి తాళంచెవులు సంపాదించండి. అసలు లాభం ఇక్కడుంది, జాగ్రత్తగా వినండి. నాంపల్లిలో రైలెక్కి ఊరెళ్ళేవాళ్ళు కుక్కని తీసుకెళ్ళాలంటే ఏసీ ఫస్ట్ క్లాసులో కూపే మొత్తం తీసుకోవాలి, లేదా దాన్ని బ్రేక్ వ్యానులో పెట్టెలో వేయాలి. డబ్బుకి ఒకటి, మనసుకి ఇంకొకటి అడ్డం. అందుకని సంక్రాంతికి తాళంచెవి పట్టుకుని మీ గుమ్మంలోకి వస్తారు. కుక్కలవాళ్ళయితే రెండు పేజీల కాగితం ఇస్తారు: ఎప్పుడు తిప్పాలి, ఎంత పెరుగన్నం పెట్టాలి, టపాకాయలు పేలితే ఏ పాట పెట్టాలి. వెంటనే నడుం పట్టుకోండి. "డాక్టరు నడవద్దన్నాడు ఆంటీ" అనండి. పిల్లులవాళ్ళు "గిన్నెలో వేసేయ్ బాబూ, అది చూసుకుంటుంది" అనేసి వెళ్ళిపోతారు. ఆ తాళంచెవి రెండు చేతులా అందుకోండి. వారంపాటు వాళ్ళ ఏసీ మీదే, వాళ్ళ ఫ్రిజ్జు మీదే. పాలు, మీగడ, చేపల పులుసు ఏది మాయమైనా "పిల్లి, ఇంకేం చెప్పమంటారు!" అనండి. కుక్క మీద ఈ మాట నిలవదు. ఫ్రిజ్జు తలుపు తీసేంత పొగరు పిల్లికి ఉందని దాని యజమానులే ముందు నమ్ముతారు.

4. పశువైద్యం నేర్చుకోండి, మీ కడుపు నింపేంత వరకు చాలు. కుక్కలకి ఉల్లిపాయ విషం. అంటే వీధికుక్కల కోసం ఎవరైనా మీ చేతికిచ్చిన బిర్యానీ మీరే తినాలి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలగిన్నె చూసి పారిపోయిందంటే కారణం వేరే, కానీ ఎవరైనా అడిగితే ఆ కథే చెప్పండి. ప్యాకెట్ పాలు మీ టీకి వస్తాయి.

5. జనవరి 1న నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్, మొదలైతే 46 రోజులు. వీధికుక్కలకి తిండి పెట్టేవాళ్ళ దగ్గరికెళ్ళి "ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ వైపు నాకొదిలేయండన్నా" అని చందా తీసుకోండి. అక్కడి స్టాళ్ళ ముందు జనం పారేసేదే వాటికి చాలు. మీరు చేతులు వెనక్కి కట్టుకుని ఓ రౌండు కొట్టండి.

6. చెవి కొన కత్తిరించిన వీధికుక్క కనిపిస్తే ఫొటో దిగండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా అయిన కుక్కకి అది గుర్తు. 2023 నిబంధనల ప్రకారం మామూలుగా పట్టిన చోటే మళ్ళీ వదులుతారు. చేయించింది మునిసిపాలిటీయే అనుకోండి, "నేనే చేయించాను" అంటే కుక్క కాదనదు.

7. ఆఫీసుకి ఆలస్యమైతే పిల్లి ఎదురొచ్చిందనండి. వెనక్కెళ్ళి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని బయల్దేరానంటే ఇంట్లో అమ్మమ్మ ఉన్న ఏ మేనేజరూ తిట్టడు. అతను పిల్లులవాడైతే మాత్రం కుక్కలు తరిమాయనండి. పెద్ద సెలవు కావాలంటే కుక్క కరిచిందనండి. కండకి వేసే రేబిస్ టీకా ఐదు రోజులు: మొదటి రోజు, తర్వాత 3, 7, 14, 28. చర్మంలోకి వేసేది నాలుగే, అది చెప్పకండి. పిల్లి రక్కినా టీకా అదే, కాబట్టి రెండు పక్షాలకీ సమాన హక్కు. నిజంగా కరిస్తే వేషాలు మాని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి నారాయణగూడలో ఆ టీకా వేసే ఐపీఎంకి పరుగెత్తండి. బతికుంటేనే సెలవులు.

8. 2025 నవంబరులో సుప్రీంకోర్టు రైల్వే స్టేషన్లు, ఆస్పత్రులు, బడుల దగ్గర వీధికుక్కల్ని తీసేయమన్నప్పటినుంచి టీకొట్ల దగ్గర గొడవలే గొడవలు. మధ్యలో నిలబడండి. అటువైపు కాగితం మీద సంతకం పెట్టండి, ఇటువైపు కాగితం మీదా పెట్టండి. టీ డబ్బులు గెలిచినవాడిస్తాడు.

9. ఏదో ఒకరోజు జీపీఓ దగ్గర రెండు పక్షాలూ కలుసుకుని లెక్కలు చూసుకుంటాయి. వాట్సాప్ గ్రూపుల్లోంచి తీసేస్తారు, తాళంచెవులు లాక్కుంటారు, ఆఫీసులో ఐదు టీకాల చీటీలు అడుగుతారు. కంగారు పడకండి, పని పూర్తయింది. పొద్దున్నే లేచే బాధ లేదు, ఎవర్నీ పొగిడే పని లేదు. సామాను సర్దుకుని కాచిగూడలో గది చూసుకోండి. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ వీధిలో చిలకల్ని పెంచేవాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కోండి.