నాలుగో కాలు సంగతి

యూరప్‌లో, అమెరికాలో గుర్రపు స్వారీ చేసేవాళ్ళకి ఇప్పుడు గురువు ఒక్కడు చాలడం లేదు. జీను మీద కూర్చోవడం నేర్పేవాడు ఒకడైతే, కూర్చున్నవాడి మనసుని చూసుకోవడానికి ఇంకొకడు. పోటీకి ముందు కళ్ళు మూసుకుని ప్రతి అడ్డంకినీ ఊహలో దూకమంటాడు. లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలమంటాడు. "నా వల్ల కాదు" అని లోపల గొణిగే గొంతుని నయానో భయానో దారికి తెచ్చుకోమంటాడు. ఇంతవరకు నాకే పేచీ లేదు. అయిదు వందల కిలోల జంతువు మీద అంత ఎత్తున కూర్చున్నవాడికి భయం వేసిందంటే బుర్ర పనిచేస్తున్నట్టే. ఆ భయానికి మందుంటే ఇవ్వాల్సిందే.

ఈ మందుల దుకాణంలోకి దిగిన కొత్త సరుకుతోనే నా పేచీ. దాని పేరు కరుణతో స్వారీ. "గుర్రం మీ మనసుకి అద్దం" అన్నది దాని మూలమంత్రం. మీరు కంగారుపడితే అది కంగారుపడుతుంది, మీరు కుదుటపడితే అదీ కుదుటపడుతుంది. కాబట్టి గుర్రం వెనక కాళ్ళు ఝాడించిందంటే మీ చిన్నతనంలో ఏదో ముడి ఉండిపోయింది. అడ్డంకి ముందు ఆగిపోయిందంటే మీ మీద మీకు నమ్మకం లేదు. దానికి నడుం నొప్పేమోనన్న అనుమానం మాత్రం చివరిదాకా ఎవరికీ రాదు. అద్దానికి నడుం ఉండదు కదా.

ఇది పచ్చి అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాళ్ళం. సగం నిజం, అదే చిక్కు. స్వీడన్‌లో లిండా కీలింగ్ బృందం చేసిన ఒక ప్రయోగం 2009లో అచ్చయింది. మనుషుల్ని గుర్రాలతో ఒకే దారిలో పదేపదే నడిపించారు, స్వారీ చేయించారు. నాలుగోసారి వెళ్ళేటప్పుడు పక్కన గొడుగు ఫట్‌మని తెరుస్తామని చెప్పారు. తెరవలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది. గొడుగు కబురు ఎవరూ చెప్పని గుర్రం గుండె వేగమూ పెరిగింది. అంతకు నూరేళ్ళ ముందు బెర్లిన్‌లో హన్స్ అనే గుర్రం డెక్కతో కొట్టి కూడికలు, తీసివేతలు చెబుతుంటే ఊరంతా నోరెళ్ళబెట్టింది. అది లెక్క చేయడం లేదనీ, ప్రశ్న అడిగినవాడి తల కదలికని చదివి సరైన చోట ఆపేస్తోందనీ ఆస్కార్ ఫుంగ్‌స్ట్ 1907లో తేల్చాడు. గుర్రం మనిషిని అంత శ్రద్ధగా చదువుతుంది. మనిషి తిరిగి గుర్రాన్ని చదవాలన్న పాఠం మాత్రం ఈ కరుణ కోర్సుల సిలబస్‌లో చేరలేదు.

ఈ కరుణకి రంగస్థలం ఒకటుంది. గుండ్రటి కంచె, మధ్యలో గురువు, చుట్టూ టికెట్టు కొన్న జనం. గురువు చేతులు చాచి, తాడు విసిరి గుర్రాన్ని అదిలిస్తాడు. కంచె గుండ్రంగా ఉంది కాబట్టి పారిపోవడానికి మూల దొరకదు. గుర్రం తిరుగుతుంది, తిరుగుతుంది. కాసేపటికి లోపలివైపు చెవి వాలుస్తుంది, పెదవులు నాకుతుంది, తల దించుతుంది. వెంటనే గురువు భుజం తిప్పి అటు మళ్ళుతాడు. అదిలింపు ఆగింది కదా అని గుర్రం వచ్చి వెనకే నిలబడుతుంది. జనం కళ్ళు తుడుచుకుంటారు. అది ఆయన్ని నాయకుడిగా ఎంచుకుందట! గుర్రాల భాష తెలిసినవాడిగా మాంటీ రాబర్ట్స్ ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది ఈ పద్ధతితోనే. 1989లో ఎలిజబెత్ రాణి పిలిపించుకుని మరీ చూసింది. కొరడాతో లొంగదీసే పాత పద్ధతికంటే ఇది నయమని నేనూ ఒప్పుకుంటాను.

అయితే సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక కొంటెపని చేశారు. అదే గుండ్రటి కంచెలో గురువు బదులు రిమోట్‌తో నడిచే బొమ్మకారుని పెట్టారు. కారు తరిమింది, గుర్రం కారువైపు తిరగగానే తరమడం ఆపేసింది. కాసేపటికి గుర్రం పరుగు ఆపి బొమ్మకారు వైపు మళ్ళడం నేర్చుకుంది. భాష రాదు, బాల్యం లేదు, ధ్యానం అసలే చేయలేదు, అయినా గుర్రాన్ని తనవైపు తిప్పుకుంది. బ్యాటరీ మార్చినప్పుడల్లా దాని అంతరాత్మలో ఏం జరిగిందో కరుణ గురువులెవరైనా పరిశోధిస్తే బాగుండును.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని మనకో సామెత ఉంది. పాతకాలం వాడు ఇది విని రౌతు చేతికి కొరడా ఇచ్చాడు. కొత్తకాలం వాడు రౌతుని కౌన్సెలింగ్‌కి పంపాడు. ఆ నాలుగో కాలికి ఏమైందో వంగి చూసినవాడు ఇద్దరిలోనూ లేడు.

చూసినవాళ్ళు లేకపోలేదు. సూ డైసన్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు స్వారీలో ఉన్న గుర్రం ఒళ్ళు నొప్పిని ఎలా బయటపెడుతుందో ఏళ్ళ తరబడి గమనించి 24 గుర్తులు రాసి పెట్టింది. చెవులు అయిదు సెకన్లకు పైగా వెనక్కి అణిచిపెట్టడం, నోరు పది సెకన్లపాటు తెరిచి ఉంచడం, తోక అదే పనిగా విదల్చడం, తదేకంగా శూన్యంలోకి చూడటం, ఆగిపోవడం లాంటివి. ఎనిమిదీ ఆపైన కనిపిస్తే ఎముకల్లోనో కండరాల్లోనో నొప్పి ఉండే అవకాశం చాలా ఎక్కువ. కాగితం, పెన్సిలు, చూసే కళ్ళు ఉంటే చాలు. కరుణ మార్కెట్‌లో ఇది అంతగా అమ్ముడుపోకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. ఇందులో రౌతు గురించి ఒక్క ముక్కా లేదు.

ఇక పెద్దింటి సంగతి. సంగీతానికి గుర్రం చేత అడుగులు వేయించే డ్రెసాజ్ పోటీల ధ్యేయం గుర్రాన్ని సంతోషంగా ఉన్న క్రీడాకారుడిగా తీర్చిదిద్దడమేనని అంతర్జాతీయ గుర్రపు క్రీడల సమాఖ్య నియమావళి సెలవిస్తుంది. 2009లో డెన్మార్క్‌లోని ఓడెన్సేలో పోటీకి ముందు సన్నాహం చేస్తున్న ఒక సంతోషకర క్రీడాకారుడి నాలుక నీలంగా మారి వేలాడుతున్న వీడియో బయటికొచ్చింది. సమాఖ్య సమావేశమై 2010లో తీర్పు చెప్పింది: గుర్రం గడ్డాన్ని ఛాతీకి ఆనేలా బలవంతంగా వంచితే తప్పు, బలవంతం లేకుండా వంచితే శిక్షణ. మెడకి తేడా ఎలా తెలుస్తుందో గుర్రాలే చెప్పాలి. చెప్పడానికి నోరు తెరుద్దామంటే ముక్కుపట్టీ అడ్డం. ఆ పట్టీ కింద ఒకటిన్నర సెంటీమీటర్ల జాగా ఉందో లేదో కొలిచే పరికరం పోటీల్లోకి వచ్చింది మొన్న 2025లో. గుర్రాన్ని కోపంతో సమీపించొద్దనీ, బలవంతంగా చేయించినదానిలో అందం ఉండదనీ గ్రీకు సేనాని జెనోఫోన్ రాసి రెండువేల మూడువందల ఏళ్ళు దాటింది. అంటే మనవాళ్ళు మరీ తొందరపడ్డారని అనలేం.

ఇదే డ్రెసాజ్‌లో మరో కథ అందరికీ గుర్తుండే ఉంటుంది. మూడు ఒలింపిక్ స్వర్ణాల చార్లెట్ డుజార్డిన్‌కి వలెగ్రో గుర్రంతో ఉన్న పొందిక చూసి ప్రేమంటే ఇదీ అని లోకం మురిసిపోయింది. గాడిదలు, గుర్రాల సంక్షేమం చూసే బ్రూక్ సంస్థకి ఆమె రాయబారి కూడా. 2024 జులైలో పారిస్ క్రీడలకి సరిగ్గా ముందు, శిక్షణలో ఒక గుర్రం కాళ్ళమీద పొడవాటి కొరడాతో పదేపదే కొడుతున్న పాత వీడియో ఫిర్యాదుగా చేరింది. ఆమె పోటీ నుంచి తప్పుకుంది, బ్రూక్ ఆమెని తప్పించింది, సమాఖ్య ఏడాది నిషేధంతోపాటు పదివేల స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. అలా ప్రవర్తించడం తన తీరు కాదని ఆమె క్షమాపణలో చెప్పుకుంది. నిజమే అయ్యుండొచ్చు. కానీ అంత సున్నితంగా గుర్రాన్ని చదవగల చేయే కొరడా కూడా పట్టిందంటే, కరుణ ఉందా లేదా అని రౌతు మనసులో వెతకడం శుద్ధ దండగ. వెతకాల్సింది గుర్రం కాళ్ళ దగ్గర.

మనసు మీద పందెం కాసే ఈ విద్యకి టోక్యోలో బహిరంగ పరీక్షే జరిగింది. 2021 ఆగస్టు 6, మహిళల మోడర్న్ పెంటాథ్లాన్. ఈ పోటీలో అప్పట్లో స్వారీకి గుర్రాన్ని చీటీ తీసి ఇచ్చేవారు, పరిచయానికి ఇరవై నిమిషాలు గడువు ఉండేది. జర్మనీ క్రీడాకారిణి అనికా ష్లోయ్ ఈతా కత్తిపోటీ అయ్యేసరికి అందరికంటే ముందుంది. ఆమె చీటీలో వచ్చింది సెయింట్ బాయ్. అంతకుముందే మరో క్రీడాకారిణితో మొరాయించి వచ్చిన గుర్రం. బరిలోకి వెళ్ళకముందే ఆమె వెక్కివెక్కి ఏడుస్తోంది, గుర్రం వెనక్కి నడుస్తోంది. గట్టిగా కొట్టమని కంచె పక్కనుంచి కోచ్ అరుస్తోంది. ఆ కోచ్ గుర్రాన్ని తనే ఒక గుద్దు కూడా గుద్ది టోక్యో క్రీడలనుంచి బహిష్కృతురాలైంది. స్వర్ణం చేతిలో ఉన్న అమ్మాయి 31వ స్థానంలో తేలింది. తర్వాత లోకమంతా ఆమెని తిట్టిన తీరు వేరే దారుణం. చీటీ తీయించినవాళ్ళని మాత్రం ఎవరూ అంతగా తిట్టలేదు.

ఆ ఇరవై నిమిషాల్లో ఏ మానసిక శిక్షకుడు ఏ మంత్రం చెప్పాలి? గుర్రం నీకు అద్దం అనాలా? అద్దం అప్పటికే ఇంకొకరి ముఖం చూసి వచ్చింది. నీ చేతిలో ఉన్నదాని మీదే ధ్యాస పెట్టు అనాలా? చేతిలో ఉన్నవి పగ్గాలు, పగ్గాల అవతల ఒప్పుకోని జీవి. ఆ రోజు తన అభిప్రాయాన్ని సూటిగా, పదేపదే, ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పింది సెయింట్ బాయ్ ఒక్కడే. దాన్ని అతని మానసిక సమస్యగా రాసుకున్నారు.

పెంటాథ్లాన్ పెద్దలకి మాత్రం బోధపడింది. ఆ నవంబరులోనే స్వారీని తీసేయాలని నిర్ణయించారు. అంతకంటే తేలిక దారి లేదు మరి: చీటీ పద్ధతిని మార్చకుండా, గుర్రాన్ని అర్థం చేసుకోకుండా, గుర్రాన్నే ఎత్తేశారు. పారిస్‌తో ఆ కథ ముగిసింది. 2028లో లాస్ ఏంజెలెస్‌లో దాని స్థానంలో వేలాడి, పాకి, ఎగబాకి దాటే అడ్డంకుల పరుగు ఉంటుంది. ఆ అడ్డంకులకి భయం లేదు, నడుం నొప్పి లేదు. మనసు చెదిరితే కిందపడేది మనిషి ఒక్కరే.